గోవా చూడకుండా గోవా వెళ్ళిరావడం ఎలా

గోవా వైశాల్యం 3,702 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లాలో ఐదు గోవాలు పెట్టినా ఇంకా కాస్త చోటు మిగులుతుంది. దేశంలో ఇంతకన్నా చిన్న రాష్ట్రం లేదు. ప్లాను వేసేవాళ్ళు ముందుగా భయపడాల్సింది దీనికే. రాజస్థాన్‌లాంటి చోట చరిత్రను తప్పించుకోవడం తేలిక. కోటకీ కోటకీ మధ్య పూట ప్రయాణం, పైన ఎండ, సాకులకు లోటుండదు. గోవాలో ఆ వెసులుబాటు లేదు. పణజిలో బయల్దేరి రెండు గంటలు ఏ దిక్కుకు బండి నడిపినా కదంబుల గుడో, పోర్చుగీసుల చర్చో, కుశావతి ఒడ్డున ఆదిమానవులు రాతి మీద చెక్కిన బొమ్మలో ఎదురొస్తాయి. కాబట్టి ‘అక్కడ బీచిలు తప్ప ఏమున్నాయి’ అనే మాట ఊరికే నోటికి రాదు, కష్టపడి సంపాదించుకోవాలి. ఆ కష్టంలో సాయానికే ఈ సలహాలు.

సికింద్రాబాద్ నుంచి వాస్కో రైలెక్కితే మొదటి గండం హోసపేట. అక్కడ దిగితే హంపి. కృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కాడు. మరుసటి ఏడే పోర్చుగీసుల అల్బుకెర్క్ బీజాపూరు సుల్తాను చేతిలోంచి గోవాను లాక్కున్నాడు. అరేబియా, పర్షియా గుర్రాలు గోవా రేవులో దిగి, కనుమలెక్కి రాయల సైన్యానికి చేరేవి. రాయల కొలువును కళ్ళకు కట్టినట్టు రాసిపెట్టిన పేస్ పోర్చుగీసువాడు, తరవాత వచ్చిన న్యూనిజ్ గుర్రాల వర్తకుడు. మన బడి పాఠాల్లోని విజయనగర వైభవానికి వీళ్ళ రాతలు పెద్ద ఆధారం. ఇదంతా బుర్రకెక్కితే బండి దిగేసరికే గోవా మన చుట్టమైపోతుంది. అందుకని బ్యాచ్‌లో ఒకడికి స్పీకరు అప్పగించి, హోసపేట దాటేదాకా పాటలు ఆపొద్దని చెప్పండి. విమానంలో అయితే ఈ బెడద లేదు.

బస కలంగూట్, బాగా బీచిల చుట్టుపక్కలే చూసుకోండి. అక్కడా ఒక చిక్కుంది. దగ్గర్లోనే 1612లో కట్టిన అగ్వాడ కోట, దాని కింద స్వాతంత్ర్య యోధులను పెట్టిన జైలు ఉన్నాయి. ఇప్పుడది మ్యూజియం. లోపలికెళ్తే, 1947 తరవాత కూడా మరో 14 ఏళ్ళు గోవాలో పరాయి జెండా ఎగిరిందనీ, 1961 డిసెంబరు 19న గానీ దిగలేదనీ తెలిసిపోతుంది. 1948 సెప్టెంబరు దాకా ఆగిన హైదరాబాదు వాళ్ళకు ఆ సంగతి మరీ తగులుతుంది, కనుక తెలంగాణ బ్యాచ్‌లు ఆ గేటు ఛాయలకే పోకూడదు. చపోరా కోట ఎక్కితే ఫరవాలేదు, అది సినిమా కోట. ఇంకోమాట, బీచిలో సీసా విప్పితే జరిమానా పడుతుంది, 2019లోనే మనిషికి 2,000, గుంపుకు 10,000 రూపాయలని చట్టం సవరించారు. ఇదొక్కటి మాత్రం నిజం సలహా, పాటించండి.

టూరు బస్సు పాత గోవాలో ఎలాగూ ఆపుతుంది, చరిత్రా చూసినట్టే కదా అంటారు కొందరు. కంగారు పడకండి, ఆ ఆగేది చూడ్డానికి చాలదు. బామ్ జీసస్ చర్చి ముందు ఫొటో దిగండి, ఎర్ర గోడలు బాగా పడతాయి. అవి ఎందుకెర్రగా ఉన్నాయని మాత్రం అడక్కండి. 1950ల్లో పైనున్న గచ్చు ఒలిచేశారు. లోపలిది లాటరైట్ రాయి, దగ్గరికెళ్తే ఒళ్ళంతా బెజ్జాలే. గచ్చు కింద ఉండాల్సిన ఆ రాయి ఏటా నాలుగు నెలలు అరేబియా వానకు నానుతోంది. మన ఫొటోకు అంత అందం తెచ్చింది ఒక పొరపాటని తెలిస్తే లైకులేమీ తగ్గవు గానీ, మనసు కాస్త పాడవుతుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. పరాయివాళ్ళు పీడించిన చరిత్రను డబ్బులు పెట్టి మరీ చూడాలా అని. అడగాల్సిన ప్రశ్నే. గోవాలో మతవిచారణ 1560 నుంచి, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, 1812 దాకా సాగింది. గార్సియా ద ఓర్తా అనే వైద్యుడు మన మందుమొక్కల మీద రాసిన పుస్తకం 1563లో గోవాలోనే అచ్చయింది. చాటుగా యూదు మతం పాటించాడని, చచ్చిపోయాక 1580లో అతని ఎముకలు తవ్వి తీసి కాల్చారు. ఆ పీడనకు భయపడి మంగేశుడనే దేవుణ్ణి భక్తులు జువారి నది దాటించి, అప్పటికింకా పోర్చుగీసులకు చిక్కని ఫోండా వైపు తీసుకుపోయారు. మంగేశి గుడి ఈనాటికీ అక్కడే ఉంది, తెల్లటి దీపస్తంభంతో సహా. కోపం తెచ్చుకోవడానికైనా ఆధారాలు అక్కడే ఉన్నాయి. చూడకుండా కోప్పడాలంటే సెల్‌ఫోన్ చాలు, టికెట్ ఖర్చు మిగులుతుంది.

నాలుగు రోజుల సెలవులో నీళ్ళలో ఆడుకోడానికి వస్తే ఈ పాఠాలేమిటి అనేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ నీళ్ళే కావాలంటే సూర్యలంకలోనూ ఉన్నాయి. గోవాలో నీళ్ళ తమాషా సముద్రంలో కాదు, ఊళ్ళ వెనకున్న ఖజాన్ పొలాల్లో ఉంది. పోటు మట్టం కన్నా పల్లంలో వరి పండిస్తారు. గట్టులో చెక్క తలుపుల తూము. పోటు వస్తే ఆ నీళ్ళే తలుపును నెట్టి మూసేస్తాయి, ఆటు తీస్తే లోపలి నీళ్ళు నెట్టి తెరుస్తాయి. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. ఆ గట్లను ఉమ్మడిగా చూసుకునే గ్రామ సంఘాలు ఎంత పాతవంటే, పోర్చుగీసులే 1526లో వాటి కట్టుబాట్లను రాసి పెట్టుకున్నారు. టూరు బస్సు ఇటు రాదు, మీరు క్షేమం.

మిగిలింది భోజనం. షాకుటి, విందాలూ జోలికి పోకుండా ఆంధ్రా మీల్స్ వెతుక్కోవచ్చు. అయితే మిరపకాయ మన దేశానికొచ్చింది పోర్చుగీసు ఓడల్లోనే. గుంటూరు కారం కలుపుకున్నా చరిత్ర విస్తట్లోకి వచ్చినట్టే. జీడిపప్పు ఉప్మా అన్నా అంతే, పలాస తోటల మూలం కూడా ఆ ఓడలే. పోనీ మిరియాల చారంటారా, అసలు వాళ్ళు ఓడలెక్కిందే ఆ మిరియాల కోసం. పెరుగన్నం తినండి.