నెట్టేవాళ్లుంటేనే నేను

నేను రోటరీని. రైలుపట్టాల మీది మంచును కోసి అవతలికి విసిరే యంత్రాన్ని. నా ఊరు అమెరికాలో, కాలిఫోర్నియా కొండల్లోని డోనర్ కనుమ. అక్కడ ఏటా సగటున ముప్పై అడుగులకు పైగానే మంచు కురుస్తుంది. ఆ కనుమ మీదుగా 1868 నుంచి రైళ్లు నడుస్తున్నాయి. కొండను తొలిచి దారి వేసినవాళ్లలో ఎక్కువమంది చైనా కూలీలు.

మా వంశానికి మూలపురుషుడు ఒక పళ్ల డాక్టరు. టొరంటోకు చెందిన జె. డబ్ల్యూ. ఇలియట్ 1869లో ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. ఆరెంజ్ జల్ అనే ఆయన దాన్ని మెరుగుపరిస్తే, లెస్లీ సోదరులు 1880లలో నిజంగా పనిచేసే యంత్రంగా తయారుచేశారు.

మామూలు మంచుకు నన్ను పిలవరు. రెక్కలున్న బండ్లు వచ్చి మంచును పక్కలకు తోసేస్తాయి. తోసిన కొద్దీ రెండువైపులా గోడలు లేస్తాయి. ఇంక తోయడానికి చోటే మిగలదు. అప్పుడు నా అవసరం పడుతుంది. తోసే బండికి పక్కన చోటు కావాలి, నాకు అక్కర్లేదు. నా ముఖానికున్న పెద్ద చక్రం గిర్రున తిరుగుతూ కత్తుల్లాంటి రెక్కలతో మంచును కోస్తుంది. కోసిన మంచు చక్రంలోని గరాటుల్లోకి చేరుతుంది. ఆ తిరుగుడు వేగానికే పైనున్న మూతిలోంచి ఎగిరి గోడ దాటి ఎక్కడో దూరాన పడుతుంది. గాలివాటం, లోయ ఎటుందో చూసి కుడికో ఎడమకో విసురుతారు.

ఇంత చేసినా నా అంతట నేను అడుగైనా కదల్లేను. పాతకాలంలో నా కడుపులో బాయిలర్ ఉండేది. ఆ ఆవిరి మొత్తం చక్రం తిప్పడానికే సరిపోయేది. ముందుకు పోవాలంటే వెనక ఇంజన్లు నెట్టాల్సిందే. ఎంత నెట్టాలన్నదే అసలు పనితనం. ఎక్కువ నెడితే చక్రానికి ఊపిరాడదు, మంచు కూరుకుపోయి ఆగిపోతుంది. తక్కువ నెడితే పని సాగదు. నా ముందు గదిలో కూర్చున్నవాడు అద్దం మీద పడే మంచును తుడుచుకుంటూ, చక్రం చప్పుడు వింటూ, కూతలతో వెనకవాళ్లకు సైగ చేసేవాడు. చప్పుడు బరువెక్కిందంటే మంచు తడిసిందని అతనికి ముందే తెలిసిపోయేది. వాళ్ల చెవుల మీద నాకున్న గౌరవం చెప్పనలవి కాదు.

నేను భయపడేది మంచుకు కాదు, మంచులో దాగినవాటికి. కొండచరియ నుంచి జారివచ్చిన మంచులో బండలుంటాయి, మొదలంటా ఊడిన చెట్లుంటాయి. ఒక్క దుంగ తగిలినా రెక్క వంగిపోతుంది. అలాంటి చోట మనుషులు దిగి, పారలతో గొడ్డళ్లతో దారి చూసుకున్నాకే నన్ను కదపాలి.

1952 జనవరి 13న షికాగో నుంచి వస్తున్న ‘సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో’ రైలు మా కనుమ దారిలోని యూబా గ్యాప్ దగ్గర మంచులో చిక్కుకుపోయింది. అందులో 226 మంది. మా రోటరీలు వెళ్లాయి. తుఫాను వాటినీ ఆపేసింది. ఒక రోటరీ డ్రైవరు జారిపడిన మంచు కింద ప్రాణం పోగొట్టుకున్నాడు. ప్రయాణికులు 16న గానీ బయటపడలేదు. రైలును కదల్చడానికి మరో మూడు రోజులు పట్టింది. ఆ డ్రైవరును తలచుకోకుండా నా కథ చెప్పలేను.

ఇప్పుడు నాకు బాయిలర్ లేదు. వెనక బండిలోని డీజిల్ జనరేటర్ కరెంటు ఇస్తే మోటార్లు చక్రం తిప్పుతాయి. కూతల బదులు రేడియో వచ్చింది. కొన్నేళ్లపాటు షెడ్డులోనే ఉండిపోతాను. 2017 లాంటి గడ్డు చలికాలాల్లో మళ్లీ బయటికి తీస్తారు. వెళ్లేటప్పుడు మాలో ఒక్కరినే పంపరు. ఇంజన్లను మధ్యలో పెట్టి, ఇద్దరు రోటరీలను చెరోవైపు తిప్పి కడతారు. ముందుకు పోతున్నంతలో వెనక మంచు కూలి దారి మూసుకుపోయినా, వెనకనున్న రోటరీ దాన్ని కోసుకుంటూ లోపలున్నవాళ్లను ఇంటికి చేరుస్తుంది.