సాళ్లలో చీలిన వెలుగు

నా ఒంటి మీద ఉన్నది ఒకే ఒక్క సాలు. నడిమి బొక్క దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ అంచు దాకా పోతుంది. విప్పి పరిస్తే సుమారు ఐదు కిలోమీటర్లు. ఒక చుట్టుకూ దాని పక్క చుట్టుకూ నడుమ ఎడం 1.6 మైక్రోమీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటరు వెడల్పులో 625 చుట్లు పడతాయి. ముదిగుబ్బ చేలల్లో చెనిక్కాయ సాళ్లు ఒకదాని పక్కన ఒకటి ఎడం తప్పకుండా ఎట్లా సాగుతాయో, నా చుట్లూ అట్లానే సాగుతాయి. నేను సీడీని. 12 సెంటీమీటర్ల పాలికార్బొనేట్ బిళ్ల, పైన పలుచని అల్యూమినియం పూత, ఆ పైన సినిమా బొమ్మ. నాకు ఈ సాలు వేసింది పాటలు దాచడానికి. వెలుగును చీల్చే గుణం దాంతోపాటే వచ్చింది. చివరికి నా బతుకు నిలబడింది ఆ గుణం మీదే.

ముదిగుబ్బ బజారులో ఒక అంగట్లో అమ్ముడుపోయాను. పెళ్లి పందిళ్లలో మోగాను, ట్రాక్టరు మీద మోగాను. తర్వాత గీతలు పడ్డాయి. పెన్‌డ్రైవులు వచ్చాయి. ఒకాయన నన్ను పురికోసకు కట్టి జొన్నచేలో వేలాడదీశాడు. గాలికి తిరుగుతూ, ఎండను ముక్కలు చేసి కంకుల మీద చల్లుతూ పిట్టలను బెదరగొట్టేదాన్ని.

ముదిగుబ్బ అనంతపురం నుంచి కదిరికి పోయే దారిలో ఉంటుంది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కింద ఉన్నా, కరువు మాత్రం పాత అనంతపురం కరువే. నైరుతి గాలులు పడమటి కనుమల అవతలే వానంతా కుమ్మరించి, తేమ చచ్చి ఇక్కడికి వస్తాయి. ఈశాన్య గాలులు తూర్పు తీరాన్ని తడిపి లోపలికి వచ్చేసరికి వాటి సత్తువా అయిపోతుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే సగటు వాన పడినట్టు. మబ్బులేని ఆకాశం చుక్కలు చూసేవాళ్లకు వరం అంటారు. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ఆ ఆకాశం కింద చేలో నిలబడి పైకి చూసే రైతు మొహాన్ని నేను రోజూ చూశాను. కానీ ఆకాశం ఎట్లాగూ తెరిచే ఉన్నప్పుడు, దాన్ని చదవడం ఈ ఊరి పిల్లల హక్కు అని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ఆ రైతు మనవరాలు తొమ్మిదో తరగతి. కంకుల మీద పడే రంగులు ఎప్పుడూ ఒకే వరసలో ఎందుకుంటాయని సైన్సు సారును అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. "ఆ సీడీని విప్పుకొని రా పాపా" అన్నారు.

మరుసటి రోజు చెప్పుల డబ్బా ఒకటి తెచ్చి, లోపలంతా నల్ల కాగితం అంటించారు. డబ్బా ఒక కొసన చిన్న కిటికీ కోసి, గడ్డం గీసుకునే బ్లేడును రెండుగా విరిచి, పదునైన అంచులు ఎదురెదురుగా ఉండేట్టు టేపుతో అతికించారు. రెండు అంచుల నడుమ సన్నని సందు. రెండో కొసన నన్ను ఏటవాలుగా కూర్చోబెట్టి, నన్ను చూడటానికి మూతకు ఒక బొక్క పెట్టారు. సందు వెడల్పైతే వెలుగు బాగా వస్తుంది కానీ రంగులు ఒకదాని మీద ఒకటి పడి అలికినట్టు అవుతాయి. సన్నగా ఉంటే గీతలు తేటగా తెగుతాయి, వెలుగు తగ్గుతుంది. ఈ రెంటి మధ్యా బ్లేడును జరుపుతూ సాయంత్రం దాకా కూర్చున్నారు. అంతా అయ్యాక సారు డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో రాశారు: దీంతో సూర్యుణ్ణి నేరుగా చూడరాదు.

నా దగ్గర జరిగేది ఇంతే. పడిన వెలుగును ప్రతి చుట్టూ అన్ని వైపులకూ చిమ్ముతుంది. పక్కపక్క చుట్ల నుంచి బయల్దేరిన అలల దారుల్లో తేడా సరిగ్గా ఒక అల పొడవు అయిన చోట, అవి కలిసి బలపడతాయి. మిగతా చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఊదా అల పొట్టిది, సుమారు 400 నానోమీటర్లు. వెలుగు నా మీద నిట్టనిలువుగా పడితే ఊదా 15 డిగ్రీల దగ్గరే తేలుతుంది. ఎరుపు అల 650 నానోమీటర్లు, అది 24 డిగ్రీల దాకా పోతుంది. రంగుల వరస మారకపోవడానికి కారణం అదే.

మొదట తరగతి గదిలోని పాత ఫిలమెంటు బల్బును చూశారు. ఊదా నుంచి ఎరుపు దాకా ఎక్కడా తెగని పట్టీ. కాగిన గట్టి వస్తువు ఇచ్చే వెలుగు అట్లానే ఉంటుంది. ట్యూబులైటును చూస్తే పట్టీ నడుమ ఆకుపచ్చగా ఒక గీత మెరిసింది. 546 నానోమీటర్ల దగ్గర అది పాదరసం గీత. ఆ రాత్రి ఆ పాప డబ్బాను ఇంటికి తీసుకుపోయి, కట్టెల పొయ్యిలోకి చిటికెడు చిటికెడు ఉప్పు విసిరింది. అవ్వ ఊరుకుంటుందా.

"ఏం మే, ఉప్పంతా పొయ్యిలో పోస్తాండావు?"

"సోడియం చూస్తాండా అవ్వా. నువ్వూ చూడు."

అవ్వ ఒక కన్ను మూసి బొక్కలోంచి చూసింది. మసక పట్టీ మీద పసుప్పచ్చగా ఒకే గీత, ఉప్పు పడినప్పుడల్లా వెలుగుతోంది. అది 589 నానోమీటర్లు. సోడియం ఎక్కడ కాగినా అక్కడే గీత పడుతుంది, ముదిగుబ్బ పొయ్యిలో అయినా సరే.

అప్పటికింకా మెయిన్ రోడ్డు మీద ఎల్ఈడీలు రాలేదు, పసుపు సోడియం దీపాలే. సారు పిల్లలను ఒక స్తంభం కిందికి తీసుకుపోయారు. ఉప్పు చూపించినట్టే పసుపు గీత కనిపిస్తుందని అందరూ అనుకున్నారు. డబ్బాలో చూస్తే వెడల్పాటి పసుపు వెలుగు నడుమ, సరిగ్గా సోడియం ఉండాల్సిన చోట, నల్లటి సాలు.

"సార్, ఉండాల్సిన తావులోనే లేదే!"

నా బతుకులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గడియ అది. ఆ దీపం గొట్టం నడిబొడ్డున సోడియం ఆవిరి బాగా కాగి, గట్టి ఒత్తిడిలో వెలుగుతుంది. గొట్టం అంచుల్లో అదే ఆవిరి కాస్త చల్లగా ఉంటుంది. లోపల నుంచి వచ్చే వెలుగులో తన రంగును తానే పట్టుకుని మింగేస్తుంది. ఏ వాయువు ఏ రంగును ఇస్తుందో, చల్లగా ఉండి వెనక నుంచి వెలుగు వస్తే అదే రంగును తీసుకుంటుంది. 1859లో జర్మనీలో కిర్కాఫ్ తేల్చిన సూత్రం ఇది. చుక్కల్ని చదివే శాస్త్రానికి మొదటి పాఠం ఇదే. మరునాడు పొద్దున ఎండ పడిన తెల్ల సున్నపు గోడ వైపు డబ్బాను తిప్పారు. రంగుల పట్టీలో అక్కడక్కడా సన్నని నల్లగీతలు. 1814లో ఫ్రాన్‌హోఫర్ వందలకొద్దీ లెక్కపెట్టినవి అవే. సోడియం చోట ఒకటి, మెగ్నీషియం చోట ఒకటి, హైడ్రోజన్ చోట ఒకటి. సూర్యుని పైపొర చల్లటి ఆవిరి ఆ వెలుగును ఆపుకున్న గుర్తులు. 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నదాంట్లో ఏముందో సున్నపు గోడ మీద తెలిసింది. చుక్కలు దేనితో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కాంట్ 1835లో రాశాడు. ఆ మాట పాతికేళ్లు కూడా గట్టిగా నిలవలేదు.

సూర్యుడి గీతలను ఇట్లా చదివిన కథ మన నేల మీదా ఒకటి జరిగింది. ఇక ఆ గుంటూరు సంగతి చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శిని, అంటే మా డబ్బా లాగే వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం, నిలబెట్టాడు. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల పెద్ద పాగ్సన్, వనపర్తిలో ఆ నక్షత్రశాలలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి. చంద్రుడు సూర్యుణ్ణి మూసిన కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసిన ఎర్రని మంటల్లో జాన్సెన్ మెరిసే గీతలు చూశాడు. అవి కాగిన వాయువని, ఎక్కువగా హైడ్రోజనని అప్పుడే తేలింది. గీతలు ఎంత గట్టిగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని ఆయనకు తోచింది. మరునాడే గుంటూరులో పట్టపగలు మళ్లీ చూసి పట్టుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా గ్రహణం లేకుండానే వాటిని చూశాడు. వాటిలోని పసుపు గీత సోడియం గీతకు దగ్గరే కానీ దాని మీద పడటం లేదు. 587.6 నానోమీటర్ల దగ్గర ఉంది. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ ఆ గీత లేదు. ఆ గీతను ఇచ్చే కొత్త పదార్థానికి హీలియం అని పేరుపెట్టారు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీసేదాకా ఆ పదార్థం భూమ్మీద చేతికి దొరకలేదు. గుంటూరు పేరు ఖగోళ భౌతికశాస్త్ర చరిత్రలో నిలిచింది అట్లా. మన బళ్లలో ఈ మాట బోర్డు మీద పెద్దగా రాసి ఉండాలి.

చుక్కలను చూడటానికి నా బలం చాలదు. ఒక చుక్క నుంచి నా సందులోకి వచ్చే వెలుగు కంటికి ఆనదు. దానికి జవాది కొండల్లోని కావలూరులో వేణు బప్పు దూరదర్శిని లాంటి 2.34 మీటర్ల అద్దం కావాలి. కానీ రంగు చూడటానికి ఉత్త కన్ను చాలు. సంక్రాంతి రోజుల్లో సారు పిల్లలను బడి మేడమీదికి పిలిచి ఆర్ద్రను చూపించారు. నారింజ ఎరుపు. దాని కింద లుబ్ధకం నీలితెలుపు. కుంపటి బొగ్గు ఎర్రగా ఉంటే తక్కువ వేడి, తెల్లబడితే ఎక్కువ వేడి. చుక్కలకూ అదే లెక్క. ఆర్ద్ర పైపొర 3500 కెల్విన్‌ల దగ్గర, సూర్యుడు 5770, లుబ్ధకం పదివేలకు దగ్గర.

అవ్వ కూడా వచ్చింది. "ఆరుద్ర కార్తెకు మేము వాన కోసం చూసేది ఈ చుక్కనేనా?" అంది. సారు చెప్పారు: కార్తె అంటే సూర్యుడు ఆ చుక్క దిక్కున ఉన్న రోజులు, జూన్ ఆఖరు. అప్పుడు ఆర్ద్ర పగలే ఎండలో మునిగి ఉంటుంది. వాన తెచ్చేది ఆ చుక్క కాదవ్వా, గాలులు. అవ్వ కాసేపు పైకి చూసి, "అయితే వాన వచ్చేటప్పుడు ఇది కనపడదన్నమాట" అంది. ఆమె కార్తెల లెక్క సరిగ్గా దిద్దుకున్న తీరు చూసి నాకు ముచ్చటేసింది.

ఇంత చూశాక ఆ పాపకు సారు చెప్పిన గుంటూరు గీత మీద మనసు పడింది. హీలియానికీ సోడియానికీ తేడా 1.4 నానోమీటర్లేనా, మన డబ్బా చూపించగలదా అని అడిగింది. సారు బోర్డు మీద లెక్క వేశారు. అల పొడవును తేడాతో భాగిస్తే ఎన్ని సాళ్లు కావాలో వస్తుంది: సుమారు 420. నా ఒంటి మీద ముప్పావు మిల్లీమీటరు చాలు, అన్ని సాళ్లు ఉన్నాయి. లోటు నాలో లేదు, సందులో ఉంది. డబ్బా 30 సెంటీమీటర్ల పొడవుండి సందు పావు మిల్లీమీటరు లోపు ఉంటే, ఆ రెండు గీతలూ విడిపోతాయి. ఇప్పుడున్న సందు అంతకన్నా వెడల్పు. పాప డబ్బా మూత తీసి, పాత బ్లేడు ముక్కలు పీకేసి, అంగడికి పోయి కొత్త బ్లేడు తెచ్చింది.