ఎవరి జీవితకాలం?

మా ఇంట్లో మిక్సీకి రెండేళ్ల వారంటీ ఉంది. మోటారుకైతే అయిదేళ్లు. జార్ మూతకుండే రబ్బరుకి మాత్రం ఒక్క రోజు కూడా లేదు, ఎందుకంటే పోయేది అదే. ఈ కిటుకు తెలిసిన నన్ను వారంటీ మాటలతో ఎవరూ పడగొట్టలేరనుకునేదాన్ని, పోయిన నెల మా మేనకోడలి వెంట ఒక కాస్మెటిక్ క్లినిక్‌కి వెళ్లేదాకా.

కౌన్సెలర్ అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. బాదంపాలు తెప్పించి, సొరుగులోంచి రొమ్ముల్లో పెట్టే సిలికాన్ ఇంప్లాంట్ శాంపిల్ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. నొక్కితే వేళ్ల సందుల్లోకి జారింది, వదిలితే బుద్ధిగా గుండ్రమైపోయింది. అచ్చం తాటిముంజె. కాకపోతే సాయంత్రానికి పాడవుతుందన్న మాట ముంజెలమ్మే మనిషి ముందే చెబుతాడు.

"లైఫ్‌టైమ్ వారంటీ మేడమ్" అంది.

"ఎవరి లైఫ్‌టైమ్ అమ్మా?"

"పేషెంట్‌దే మేడమ్" అని నవ్వింది. కళ్లద్దాలు పెట్టుకుని వారంటీ కార్డు తిరగేశాను. పొర చిరిగితే కొత్త ఇంప్లాంట్ ఉచితం. సర్జన్ ఫీజు, థియేటర్, మత్తుమందు ఖర్చులకు సాయం మాత్రం కొన్నేళ్లవరకే, అదీ షరతులకు లోబడి. బోరుబావిలో మోటారు కాలితే కొత్త మోటారు ఇస్తాం, పైకి లాగి మళ్లీ దింపే కూలి మీదే అన్నట్టు. ఇక్కడ బోరు మన ఛాతీ, అంతే తేడా.

అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ ఈ విషయంలో మొహమాటపడలేదు. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని వాటి వెంట ఇచ్చే సమాచారంలోనే నల్లగీతల చట్రంలో రాయాలని 2021లో ఆదేశించింది. అందం కోసం పెట్టించుకున్నవాళ్లలో 20 శాతం దాకా ఎనిమిది నుంచి పదేళ్లలోపే తీయించుకోవాల్సి వస్తోందనీ అదే సంస్థ చెబుతోంది. అంటే ముప్పయ్యో ఏట పెట్టించుకున్న అమ్మాయి అరవై దాటేలోగా ఎన్నిసార్లు థియేటర్‌కి వెళ్లాల్సి రావచ్చో లెక్క వేసుకోండి. దాన్ని సర్జరీ అనడం కంటే చందా అనడం న్యాయం.

పైగా చిరిగిన సంగతి మనకు తెలియాలిగా! సెలైన్ నింపినదైతే గాలి తీసిన బుడగలా కుంగిపోతుంది, చిన్నపిల్లలకైనా కనపడుతుంది. సిలికాన్ జెల్‌ది మాత్రం గుంభనం. లోపల పగిలినా పైకి ఏమీ తెలియనివ్వదు. అందుకే అయిదారేళ్లకు మొదటి స్కానింగు, తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండో ఎమ్మారైయో తీయించుకోమంటోంది ఎఫ్‌డీఏ. ఈ ఖర్చు బ్రోచర్‌లో ఏ పేజీలో ఉందని అడిగాను. అమ్మాయి పేజీలు తిప్పింది. నాకు జాలేసి, వద్దులే అన్నాను.

శరీరం కూడా ఊరుకోదు. పరాయి వస్తువు లోపలికొస్తే దాని చుట్టూ ప్రహరీ కట్టేస్తుంది. అందరిలోనూ కడుతుంది, అది సహజం. కొందరిలో ఆ గోడ బిగుసుకుని రొమ్ము గట్టిపడి, ఆకారం మారి, నొప్పి పెడుతుంది. డాక్టర్లు దీన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అని నాలుగు గ్రేడులు చేశారు. కౌన్సెలర్లు "చాలా రేర్ మేడమ్" అని ఒకే గ్రేడు చేశారు.

సరే, జీవితకాలం ఎవరిదన్న ప్రశ్నకు మళ్లీ వస్తాను. దానికి జవాబు చరిత్రలో ఉంది. 1962లో హ్యూస్టన్‌లో తొలి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నావిడ అసలు వచ్చింది పచ్చబొట్టు తీయించుకోడానికి. చెవులు సరిచేయించుకోవాలని ఆవిడ మనసు, సరే, దాంతోపాటు ఇదీ అన్నారు డాక్టర్లు. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆవిడ ఒంట్లో అవే ఉన్నాయి. వాటిని తయారుచేసిన డౌ కార్నింగ్ కంపెనీ మాత్రం కోర్టు కేసుల బరువుకి 1995లోనే దివాలా పిటిషన్ వేసింది.

ఇక ఫ్రాన్సులో పీఐపీ కథ. 1991లో పుట్టిన కంపెనీ. వైద్యానికి వాడే జెల్ ఖరీదెక్కువని, అనుమతి లేని పారిశ్రామిక సిలికాన్‌ని సంచుల్లో నింపి ప్రపంచమంతా అమ్మింది. తనిఖీవాళ్లు ముందే చెప్పి వచ్చేవారు, వచ్చేలోగా డ్రమ్ములు దాచేసేవారు. పెళ్లిచూపులకి ఇల్లు సర్దినట్టు. 2010లో గుట్టు రట్టయి కంపెనీ మూతపడింది, యజమాని జాన్ క్లాద్ మాస్‌కి 2013లో నాలుగేళ్ల శిక్ష పడింది. కంపెనీ ఆయుర్దాయం పందొమ్మిదేళ్లు. లక్షల మంది ఆడవాళ్లు ఆ సంచుల్ని ఇంకా మోస్తుండగానే వారంటీ ఇచ్చినవాడు కనపడకుండా పోయాడు.

2019లో అలర్గాన్ అనే కంపెనీ తన గరుకుపొర ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. వాటి చుట్టూ పుట్టే లింఫోమా అనే ఒక అరుదైన క్యాన్సర్ అందుకు కారణం. వెనక్కి తీసుకోవడమంటే అల్మారాల్లో ఉన్నవాటిని. ఒంట్లో ఉన్నవాటి సంగతి పెట్టించుకున్నవాళ్లే చూసుకోవాలి.

ఇంప్లాంట్ పెట్టించుకున్న ఆడవాళ్లని వెక్కిరించడం నా పని కాదు. క్యాన్సర్‌కి రొమ్ము తీసేశాక అద్దం ముందు నిలబడలేని మనిషికి ఇది ఎంత ఊరటో చూశాను. మన ఆరోగ్య బీమా కూడా క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణాన్ని ఒప్పుకుంటుంది, అందం కోసమంటే మాత్రం తలుపు వేస్తుంది. నా తగాదా అమ్మేవాళ్లతో. అమ్మే రోజు "ఏమీ కాదు మేడమ్" అంటారు. పదేళ్లయ్యాక ఒళ్లు నొప్పులు, నిస్సత్తువ అని వెళితే "టెన్షన్ తగ్గించుకోండి మేడమ్" అంటారు. కారణం తేలలేదన్నది నిజమే. కానీ ఎఫ్‌డీఏ ఆ లక్షణాల్ని కూడా హెచ్చరికలో చేర్చింది మరి, టెన్షన్ దానికీ ఉందేమో!

లేవబోతుంటే మా మేనకోడలు నోరు విప్పింది. "పెట్టడానికి ఇంత అన్నారు కదా, తీయడానికి ఎంత?"

"అది అప్పటి డాక్టర్‌ని బట్టి ఉంటుంది మేడమ్, ఇప్పుడే చెప్పలేం."

ఆ రేటు కాగితం మీద రాసిస్తేనే వస్తానంది మా పిల్ల. నెలయింది, ఫోన్ రాలేదు. ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లకి నాదొక విన్నపం. ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన, బ్రాండు పేరూ సీరియల్ నంబరూ ఉన్న చిన్న కార్డు బీరువాలో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే ఆపరేషన్ చేసిన చోట రికార్డు అడగండి. ఏళ్ల తర్వాత ఒకవైపు హఠాత్తుగా వాస్తే టెన్షన్ అనుకోకుండా ఆ కార్డు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.