గెలిస్తే స్ఫూర్తి, ఓడితే 156 డాలర్లు

కుర్రాడు చేతిలో టెన్నిస్ రాకెట్‌తో కనిపిస్తే చాలు, ఇరుగుపొరుగు లెక్కలు కట్టేస్తారు. 2025లో యూఎస్ ఓపెన్ విజేతకు 50 లక్షల డాలర్లు ముట్టాయట. మనవాడికి అందులో పదో వంతైనా రాకపోతుందా? లెక్క బాగానే ఉంది. కాకపోతే మనవాడి ప్రయాణం మొదలయ్యేది న్యూయార్క్‌లో కాదు, ఎం15లో.

ఎం15 అంటే పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు. టోర్నీ మొత్తానికి 15 వేల డాలర్లు. సింగిల్స్ గెలిచినవాడికి 2,160, తొలి రౌండ్‌లో ఓడినవాడికి 156. అంటే మన డబ్బుల్లో ఓ 13-14 వేలు. దీన్ని ‘ప్రైజ్ మనీ’ అనడానికి గుండె ధైర్యం కావాలి. పన్ను కోసుకున్నాక మిగిలిన దాంట్లోంచే విమానం టికెట్, హోటల్, తిండి, రాకెట్ గట్టింగ్ ఖర్చులు రావాలి. రావు. చారానా కోడికి బారానా మసాలా అంటారు కదా, ఇక్కడ ఆ కోడి కూడా మ్యాచ్ గెలిస్తేనే.

సుమిత్ నాగల్ సంగతే చూద్దాం. 2019 యూఎస్ ఓపెన్‌లో ఫెదరర్ దగ్గర ఒక సెట్ లాక్కున్న మనిషి. 2023 సెప్టెంబరులో, దేశంలో సింగిల్స్ నంబర్ వన్‌గా ఉన్నప్పుడు, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలున్నాయని చెప్పాడు. ఒక్క కోచ్‌ను వెంట తిప్పుకుంటేనే ఏడాదికి 80 లక్షల నుంచి కోటి దాకా అవుతుందనీ, అందులో ఫిజియో లెక్క లేదనీ వివరించాడు. అయ్యో పాపం అన్నాం.

నాలుగు నెలలు తిరిగాయి. మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నాగల్ 31వ సీడ్ బబ్లిక్‌ను ఓడించాడు. 1989లో రమేష్ కృష్ణన్ విలాండర్‌ను ఓడించాక, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఒక సీడ్‌ను భారతీయుడు పడగొట్టడం మళ్లీ అదే. అంతే! నిన్నటిదాకా సిగ్గుపడాల్సిన ఆ 900 యూరోలు తెల్లారేసరికి కథకు నగలైపోయాయి. నాడు ఖాతాలో ఎనభై వేల రూపాయలు, నేడు దాదాపు కోటి ప్రైజ్ మనీ! ఖాతా ఖాళీగా ఉండబట్టే అతనిలో కసి పుట్టిందని తీర్మానించేశాం. ఆ తర్కమే నిజమైతే మన టెన్నిస్ సంఘాలు శిక్షణ శిబిరాలు మానేసి, కుర్రాళ్ల పాస్‌బుక్కులు సున్నా చేయించే శిబిరాలు పెట్టాలి. నిజానికి ఆ పని శిబిరం అక్కర్లేకుండానే జరిగిపోతోందనుకోండి.

లేమిని స్ఫూర్తి కథగా మార్చేసే ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 2016లో 772వ ర్యాంకు మార్కస్ విల్లిస్, క్లబ్బులో గంటకు 30 పౌండ్లకు పాఠాలు చెప్పుకునే కోచ్, వింబుల్డన్ మెయిన్ డ్రాకు చేరి బెరాంకిస్‌ను ఓడించాడు. తర్వాత సెంటర్ కోర్టులో ఫెదరర్ చేతిలో 6-0, 6-3, 6-4తో ఓడాడు. ఇంగ్లండంతా ఊగిపోయింది. ఆ పై వారం అతను ఎక్కడ ఆడాడో చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరికి తెలుసు?

మన విశాఖ సాకేత్ మైనేనికి ఆ వారం రోజుల వైభోగమైనా దక్కలేదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం అనగానే జనానికి సానియా గుర్తొస్తుంది. నెట్‌కు అదే పక్కన ఇంకో మనిషీ ఉన్నాడు. 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ గట్టెక్కి మెయిన్ డ్రాకు వచ్చి, కండరాలు పట్టేస్తున్నా వెసెలీతో ఐదు సెట్లు ఆడి ఓడిపోయాడు. ఓడాడు కాబట్టి స్ఫూర్తి ఖాతాలో ఆ ఐదో సెట్ జమ కాదు.

2024 నుంచి, పురుషుల ప్రొఫెషనల్ టూర్‌ను నడిపే ఏటీపీ, ఆటగాళ్ల కనీస ఆదాయానికి హామీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఏడాది లెక్కలో తొలి వందమందికి 3 లక్షల డాలర్లు, 175వ ర్యాంకు దాకా లక్షన్నర, 250 దాకా 75 వేలు. మంచి పనే, కాదనకూడదు. అయితే 251వ వాడు చేసిన పాపమేమిటో! లోకంలో 251వ గొప్ప గుండె డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరకాలంటే సిఫార్సు కావాలి. 251వ టెన్నిస్ ఆటగాడు తన బట్టలు తనే ఉతుక్కుని, రాత్రి బస్సుకు ఇంకో ఊరు పోతాడు. దారిలో ఫోన్ మోగుతుంది. బాబాయి నాగల్ వీడియో పంపాడు, కింద ఓ మాట: ‘‘చూసి నేర్చుకోరా.’’