మేకకు నో ఎంట్రీ

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కును చాలామంది పార్కే అనుకుంటారు. పాపం, అది అడవి. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరున 1998లో దానికి జాతీయ పార్కు హోదా ఇచ్చారు. అంటే చట్టం దృష్టిలో కన్హా, కార్బెట్‌ల వరుస. విస్తీర్ణం 142 హెక్టార్ల పైచిలుకు. మధ్యలో ఒకప్పుడు ఏడో నిజాం మనవడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్. దాని చుట్టూ నెమళ్లు, ముళ్లపందులు. వాటి చుట్టూ, తెల్లారేసరికల్లా, మనం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయ పార్కులోకి పశువు రాకూడదు. మేతకే కాదు, ఊరికే కూడా రాకూడదు. ఒక్క మినహాయింపుంది: లోపలికి వెళ్లే అనుమతి ఉన్న మనిషి దాన్ని వాహనంగా ఎక్కి వస్తే ఫర్వాలేదు. గుర్రం రౌతును మోసుకుంటూ రావచ్చు. మేక మాత్రం తన కాళ్ల మీద తాను నడిచి రాకూడదు. ఎవరు వచ్చారన్నది కాదు, ఎవరిని మోస్తూ వచ్చారన్నదే లెక్క. చట్టం రాసిన మహానుభావులకు మన సమాజం బాగా తెలుసు.

మనకైతే వాకింగ్ పాసుంది. మేక మహా అయితే నాలుగాకులు తింటుంది. మనం ఆకు ముట్టం. నడుస్తూ నడుస్తూ రియల్ ఎస్టేట్ కబుర్లలో కోకాపేటను ఎకరాలకెకరాలు నమిలేస్తాం.

వాకర్లను ఇంతకంటే అనడానికి నోరు రాదు. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తామన్నప్పుడు రోడ్డెక్కిన జనంలో వాళ్లూ ఉన్నారు. హరిత ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. ఇలాంటి మంచి పనులు వ్యంగ్య రచయితల పొట్ట కొడతాయి.

అదృష్టవశాత్తూ ప్రభుత్వాలు ఆ లోటు రానివ్వవు. 2020లో కేంద్రం ఈ పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలం ప్రకటించింది. దాని వెడల్పు 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల దాకా. మూడు మీటర్లంటే ఆరుగజాల చీరలో సగానికి కాస్త ఎక్కువ. జాతీయ పార్కుకు, జూబ్లీహిల్స్ ట్రాఫిక్‌కు నడుమ ఒకచోట ఉన్న అడ్డుతెర అంతే. అటు చివర ఆ దశాంశం చూశారా? ముప్పై అనడానికి మనసొప్పలేదు. ఆ ఇరవై సెంటీమీటర్లు ఎవరికి అక్కరకొచ్చాయో కనిపెట్టినవారికి నా తరఫున ఒక ఏడాది వాకింగ్ పాసు.

ఇప్పుడు మళ్లీ పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు అంటున్నారు. కట్టుకోండి, కాదనే శక్తి నాకెక్కడిది? ఒకటే మనవి. అండర్‌పాసు డిజైన్ల కోసం కన్సల్టెంట్లను పెట్టుకునే ముందు, గోడకు అవతలే కాపురముంటున్న ముళ్లపందిని ఒక మాట అడగండి. తవ్వడంలో దానికి తరతరాల అనుభవం. టెండరు వేయదు, మధ్యలో అంచనాలు పెంచదు. చెట్టు అడ్డొస్తే పక్కనుంచి తవ్వుకుంటూ పోతుంది.