నక్షత్రాంకిత మహావాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: పిల్లలకు ఓడ ప్రయాణం ఉచితం!*

అవతారిక: మయామీ రేవు నుంచి కుటుంబాలను కరీబియన్ సముద్రం మీద తిప్పి తెచ్చే క్రూయిజ్ కంపెనీల ప్రకటనల్లో తరచూ దర్శనమిచ్చే వాక్యమిది. కర్త మార్కెటింగ్ విభాగం. ఫలశ్రుతి, జీవితాంతం నిలిచే జ్ఞాపకాలు. 'ఉచిత' శబ్దానికున్న రెండర్థాలూ బడిపిల్లలకే తెలుసు కనుక వ్యాఖ్యాత వాటి జోలికి పోడు.

ఓడ: సామాన్యమైనది కాదు. 2024 జనవరిలో తొలి యాత్రకు బయల్దేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్'కు 20 అంతస్తులు, 6 నీటి జారుబండలు. డిస్నీ ఓడల కూతలోనైతే సినిమా పాట వరుస వినిపిస్తుంది. ఇక్కడ భోజరాజును తలవకపోతే దోషం. ఆయన పేరిట ఉన్న 'యుక్తికల్పతరువు' గ్రంథం గదుల అమరికను బట్టి ఓడలను మూడుగా విడదీసింది. సర్వమందిర రాజుగారి ధనానికి, గుర్రాలకు, అంతఃపుర స్త్రీలకు. మధ్యమందిర విలాసయాత్రకు. అగ్రమందిర దూరప్రయాణానికి, యుద్ధానికి. తెరచాప కొయ్యలు నాలుగుంటే తెల్లరంగు, మూడుంటే ఎరుపు, రెండుంటే పసుపు, ఒక్కటే అయితే నీలం. ఓడ మూతిని సింహంగానో, మహిషంగానో, ఏనుగుగానో, కప్పగానో చెక్కాలి. 'డిస్నీ ఫాంటసీ' ఓడకూ ఏనుగుంది, డంబో. భోజుడు ముందు పెట్టమన్నదాన్ని వీళ్ళు వెనక వేలాడదీశారు. ఓడ పలకలను ఇనుముతో బిగించవద్దని, సముద్రంలోని అయస్కాంత శిలలు లాగేస్తాయని కూడా ఆయన హెచ్చరించాడు. ఇప్పటి ఓడ మొత్తం ఉక్కే. దాన్ని ఏ శిలా లాగడం లేదు. లోపలివాళ్ళను మాత్రం ఫొటోల దుకాణం లాగుతోంది.

వ్యాఖ్య ఎక్కడ ఆగింది? పిల్లల దగ్గర.

పిల్లలు: చేతికి పట్టీ కట్టించుకుని క్లబ్బులో చేరువారు. డిస్నీ ఓడల్లో మూడేళ్ళు నిండనివాళ్ళకు వేరే నర్సరీ, గంట లెక్కన రుసుము. రాకుమార్తె వేషంలోని అమ్మాయి పక్కన నిలబడాలంటే ముందుగా టైమ్ బుక్ చేసుకోవాలి. మన పగటివేషగాళ్ళు అడక్కుండానే గుమ్మంలోకి వచ్చేవారు! ఇన్ని వేడుకల నడుమ సముద్రం చూడటానికి టైమ్‌టేబుల్లో గంట ఏదని పిల్లవాడు అడగడు. అడగవలసిన పెద్దలు ఆ సమయానికి బఫే వరుసలో ఉంటారు.

నక్షత్రం: శ్లోకమంతటికీ ప్రాణం ఇదే. అక్షరం ఆవగింజంత, అర్థం ఓడంత. గదిలో మూడో మనిషిగా, నాలుగో మనిషిగా ఎక్కే పిల్లలకే ఈ ఉచితం వర్తిస్తుంది. పన్నులు, రేవు ఖర్చులు, సిబ్బందికి రోజువారీ టిప్పులు వేరు. పిల్లలకు బడి లేని పండగ వారాలకు తరచూ మినహాయింపు. బడి ఉన్న రోజుల్లో ఉచితంగా రమ్మని పిలవడాన్ని ఔదార్యం అనవచ్చునా? అలంకారికులు దీన్ని వ్యాజస్తుతిలో చేర్చవచ్చు, తండ్రి మాత్రం క్రెడిట్ కార్డు బిల్లులో చేర్చుకుంటాడు.

తాత్పర్యం: తల్లి ఒక్కతే ఒక్క బిడ్డతో గది తీసుకుంటే ఆ బిడ్డ రెండో ప్రయాణికుడు. ప్రకటనలో నవ్వుతున్న తల్లీబిడ్డలు ఇద్దరే కావచ్చు, కట్టవలసింది మాత్రం రెండు పూర్తి టికెట్లు.