చేరిపోయాం, ఇక చదవడమే తరువాయి

ఒకప్పుడు చదువులో చేరడం పెద్ద యుద్ధం. సీటు రావాలి, ఫీజు పుట్టాలి, హాస్టలు దొరకాలి. ఇప్పుడా తిప్పలు లేవు. ఫోను మీద వేలు ఆనిస్తే హార్వర్డ్ తలుపు తీస్తుంది. మా బావమరిది ప్రస్తుతం నాలుగు విశ్వవిద్యాలయాల విద్యార్థి. డేటా సైన్సు, ఫ్రెంచి, షేర్ మార్కెట్, వీటన్నిటి వల్లా వచ్చే దిగులు పోవడానికి యేల్ వాళ్ళ ఆనందం కోర్సు. ‘ఎంతదాకా వచ్చిందిరా?’ అంటే, ‘చేరిపోయాను కద బావా!’ అంటాడు. చేరిన రోజు వాడి ముఖంలో కనిపించే తేజస్సు పట్టా పుచ్చుకున్నవాడికి కూడా ఉండదు.

వాణ్ణి ఆడిపోసుకోవడం అన్యాయం. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల చిట్టా విప్పిన పరిశోధకులు 2019లో ‘సైన్స్’ పత్రికలో రాశారు: పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో సగానికి పైగా పాఠం గుమ్మమే తొక్కలేదట. 2017-18లో కోర్సు పూర్తి చేసింది నూటికి ముగ్గురు. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్ళలో మాత్రం సగానికి కాస్త తక్కువ మంది గట్టెక్కారు. సరస్వతి కటాక్షానికి లక్ష్మీదేవి హామీ సంతకం పెట్టాలన్నమాట.

మన దగ్గరా లోటు లేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ఉంది. పాఠం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. కానీ ఆ మాస్టార్లకు లోకజ్ఞానం తక్కువ. గంటసేపు సమీకరణాలు రాస్తారు, చూసేవాడు ఎంత గొప్పవాడో ఒక్కసారైనా చెప్పరు. అలాంటి చదువు ఎవడికి ఎక్కుతుంది?

గొప్పతనం చెప్పే శాఖ వేరే. దాని మూలపురుషుల్లో ఎమిల్ కూయే అనే ఫ్రెంచి మందుల షాపాయన ఒకడు. నానాటికీ బాగుపడుతున్నానని పొద్దునా రాత్రీ ఇరవైసార్లు అనుకోమనేవాడు. లెక్క తప్పకుండా ఇరవై ముళ్ళు వేసిన తాడు కూడా దగ్గర పెట్టుకోమన్నాడు. మన రామకోటి లాంటిదే, కాకపోతే రామకోటికి చెయ్యయినా నొప్పి పుడుతుంది. 1952లో అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ అనే పాదిరీ గారు సానుకూల ఆలోచన మీద పుస్తకం రాస్తే లక్షల్లో అమ్ముడుపోయింది. అమీర్‌పేట ఫ్లెక్సీ మీద చేతులు కట్టుకుని నవ్వే కోటు సారు ఆయన వారసుడే.

ఈ శుభకార్యానికి అడ్డు తగిలింది గాబ్రియెలే ఎటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త. చదువు ముగించి ఉద్యోగాల వేటలో పడబోతున్న కుర్రకారును ఆవిడ, సహచరురాలితో కలిసి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ పలకరించింది. మంచి కొలువులో ఉన్నట్టు తరచూ ఊహించుకుని మురిసిపోయినవాళ్ళు దరఖాస్తులు తక్కువ పెట్టారు. వాళ్ళకొచ్చిన ఆఫర్లూ తక్కువే, జీతాలూ తక్కువే. తమకు ఉద్యోగం వస్తుందని అంచనా వేసుకున్నవాళ్ళు మాత్రం బాగుపడ్డారు. నమ్మకం పనిలోకి దింపుతుంది, పగటికల పని అయిపోయినట్టే మంచం ఎక్కిస్తుంది. 2002లో అచ్చయిన సంగతి ఇది. కలలకు ఫీజు తీసుకునేవాళ్ళు దీన్ని ఫ్లెక్సీ మీద వేయించకపోవడం సహజమే.

మొన్నామధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు నన్ను వ్యక్తిత్వ వికాస సభకు పిలిచారు. ఫైనలియర్ పిల్లలు. ప్లేస్‌మెంట్ల సీజన్ నడుస్తోంది, కంపెనీలే రాలేదు. ల్యాబులో సగం కంప్యూటర్లకు గుడ్డ కప్పి ఉంది. రెండు సబ్జెక్టులకు లెక్చరర్లు లేరని పిల్లలే చెప్పారు. వేదిక మీద మాత్రం కొరతల్లేవు: పొగయంత్రం, రంగుదీపాలు, నెత్తికి మైకు తగిలించుకున్న ట్రైనర్ గారు. అందరి చేతా కళ్ళు మూయించి, ఆఫర్ లెటర్ కనబడుతోందా అని అడిగారు. కనబడుతోందని హాలు దద్దరిల్లింది. ఉద్యోగాలు రాకపోవడానికి కారణం బయట లేదనీ, మీ బుర్రలోనే ఉందనీ తేల్చేశారాయన. ప్రిన్సిపాల్ గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి! ఖాళీ పోస్టుల బాధ్యత కూడా పిల్లల బుర్రలోకే బదిలీ అయిపోయిందాయె.

వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు.

“సార్, మేం నాలుగేళ్ళుగా పాజిటివ్‌గానే ఉన్నాం. ఈ కళ్ళు మూసుకునే ప్రోగ్రామేదో ఒకసారి కంపెనీల హెచ్చార్ వాళ్ళకు పెట్టకూడదా?”

ట్రైనర్ గారు జాలిగా నవ్వారు. “నీలో నెగటివిటీ బాగా పేరుకుపోయింది నాన్నా. దానికి వేరే కోర్సుంది, ఆన్‌లైన్లోనే. ఇవాళ చేరితే సగం రేటు.”